క్వార్టర్‌బ్యాక్ ఎందుకు తడబడతాడు?

ఫుట్‌బాల్ అనగానే మనకు కాలితో తన్ని గోలులోనికి పంపే బంతియాట స్ఫురిస్తుంది. అమెరికా దేశీయులు ఆ పేరుతో పిలుచుకొనే ఆట వేరొకటి ఉన్నది. అందులో కోలగా ఉండే బంతిని ముఖ్యంగా చేతులతోనే ఆడుతారు. ఆ ఆటలో మమ్ము ఆకర్షించినది గెలుపోటములు కావు. క్వార్టర్‌బ్యాక్ అనే ఒక్క ఆటగాని పరిస్థితి. ఎంతో నేర్పు గలవాడు కూడా ఒత్తిడిలో ఎందుకు తడబడతాడో గ్రహించడానికి అది చక్కని ఉదాహరణ.

ముందుగా ఆట స్వరూపమును కొంత తెలిసికొందాము. ఒక్కొక్క జట్టున 11 మంది ఉంటారు. బంతి చేత నున్న జట్టు నాలుగు ప్రయత్నాలలో 10 గజాలైనా ముందుకు సాగవలెను. 1906లో బంతిని ముందుకు విసరడానికి నియమాలు అనుమతించాయి. ఆనాటి నుండి క్రమంగా ఆట భారమంతా విసరేవాని మీదికి, అనగా క్వార్టర్‌బ్యాక్ మీదికి చేరినది. అతడు బంతి అందుకొని నాలుగడుగులు వెనుకకు వేసి, ముందుకు పరుగెత్తే సహచరులలో ఎవరికి ఎడము దొరికినదో చూచి విసరవలెను. అంతవరకు ఐదుగురు భారీకాయులు అతని ముందు గోడవలె నిలిచి ప్రత్యర్థులను ఆపుతారు. ఆ గోడ చాటున ఏర్పడే కొద్దిపాటి చోటునే 'పాకెట్' అంటారు. అది రెండున్నర, మూడు సెకండ్ల కంటే ఎక్కువసేపు నిలవడం అరుదు. విసరక మునుపే అతనిని పట్టి పడవేస్తే దానిని 'శాక్' అంటారు.

గోడ కూలుచున్నప్పుడు అతనిలో మూడు మార్పులు కలుగుతాయి.

మొదటిది చూపునకు సంబంధించినది. మన కబడ్డీలో కూతకు పోయినవాడు తనను పట్టవచ్చే వారినే కనిపెట్టి ఉంటాడు. క్వార్టర్‌బ్యాక్‌కు ఆ వీలు లేదు. మీదికి దూకేవారిని విడిచి, దూరాన ఉన్న సహచరుని మీదనే అతడు చూపు నిలపవలెను. ఆపద మీదికి వచ్చేటప్పుడు దానివైపు చూడడం మానవ స్వభావం. చూపు ఒక్కసారి దగ్గరకు దిగితే, దూరాన ఖాళీగా ఉన్నవాడు కనబడడు. ఆందోళన పెరిగిన కొలది మనిషి గమనించగల పరిధి కుంచించుకుపోతుందని మనస్తత్వవేత్త ఈస్టర్‌బ్రూక్ 1959లోనే ప్రతిపాదించాడు.

రెండవది పాదాలకు సంబంధించినది. బంతిని విసరేది చేయి అని మనము భ్రమపడతాము. నిజానికి బలము నేల నుండి పుట్టి, వెనుక కాలి నుండి ముందు కాలికి మారి, నడుము, భుజముల మీదుగా చేతికి చేరుతుంది. ముందడుగు వేయడానికి చోటు లేనప్పుడు ఈ గొలుసు తెగుతుంది. వెనుక కాలి మీదనే ఉండి విసరిన బంతి తరచు గురి తప్పి ఎత్తుగా పోతుంది.

మూడవది నిర్ణయానికి సంబంధించినది. ఎంచుకొనవలసిన మార్గాలు పెరిగిన కొలది స్పందనకు పట్టే కాలం పెరుగుతుందని హిక్ 1952లో ప్రకటించిన పరిశోధన తెలుపుతున్నది. నలుగురైదుగురు సహచరులలో ఒకరిని ఎంచుకొనవలసిన వానికి వ్యవధి సగానికి తగ్గితే, నిర్ణయం కాస్తా ఊహగా మారుతుంది.

వీటికి తోడు దెబ్బల జ్ఞాపకం ఒకటి. 1985 నవంబరు 18న వాషింగ్టన్ క్వార్టర్‌బ్యాక్ జో థైస్‌మన్‌ను లారెన్స్ టేలర్ పడవేసినప్పుడు థైస్‌మన్ కాలి ఎముకలు విరిగి, అతని క్రీడాజీవితం అంతటితో ముగిసినది. 2002లో కొత్తగా ఏర్పడిన హ్యూస్టన్ జట్టు డేవిడ్ కార్ అనే యువకుని, ఆ ఏటి ఎంపికలో అందరికంటె ముందుగా తీసికొన్నది. మొదటి సంవత్సరమే అతడు 76 సార్లు శాక్‌కు గురైనాడు. 2005లో మరల 68 సార్లు. అటువంటి వాడు గోడ కూలక మునుపే కూలుతుందని తొందరపడితే, ఆ దోషం అతనిదేనా?

మహానిపుణులకూ ఈ స్థితి తప్పలేదు. 2007లో టామ్ బ్రేడీ ఒక్క సీజనులో 50 టచ్‌డౌన్ పాసులు విసరి నాటికి రికార్డు నెలకొల్పాడు. వరుసగా 18 ఆటలు గెలిచిన అతని జట్టు, 2008 ఫిబ్రవరి 3న జరిగిన సూపర్‌బౌల్‌లో న్యూయార్క్ జెయింట్స్ చేతిలో 17-14తో ఓడినది. ఆనాడు బ్రేడీ ఐదుసార్లు పడవేయబడినాడు. 2021 ఫిబ్రవరిలో పాట్రిక్ మహోమ్స్ పరిస్థితి కూడా అట్టిదే. గోడకు రెండు కొసల నిలువవలసిన ఇద్దరూ గాయపడి లేనందున, ఆటంతా అతడు తప్పించుకొని పరుగెత్తుటతోనే సరిపోయినది. జట్టు 31-9తో ఓడినది. వారి నేర్పు ఒక్క రాత్రిలో తరిగిపోలేదు. నేర్పు ప్రదర్శించడానికి కావలసిన చోటే తరిగినది.

మరి దీనికి ఉపాయం లేదా? ఉన్నది. ప్రక్కల నుండి వచ్చేవారిని తప్పించుకొనడానికి వెనుకకు పారిపోక, పాకెట్‌లోనే ముందుకు ఒక అడుగు వేయడం మొదటిది. ప్రత్యర్థులు అధిక సంఖ్యలో దూకినప్పుడు వారు విడిచివచ్చిన చోటికి వెంటనే విసరడం రెండవది. ఏదీ వీలుకానప్పుడు నియమానికి లోబడి బంతిని ఎవరికీ చిక్కకుండా వదలివేయడం మూడవది. ఇవి ఆలోచించి చేసేవి కావు. సాధన చేత అలవాటు కావలసినవి. 2008 నాటి ఆ ఆటలోనే ఎలై మానింగ్ చివరి నిమిషాలలో ప్రత్యర్థుల చేతులలో చిక్కి, విడిపించుకొని విసరిన బంతిని డేవిడ్ టైరీ తన శిరస్త్రాణానికి అదిమి పట్టినాడు. 32 గజాలు లభించినవి. అదే విజయానికి బాట వేసినది.

సోదర విద్యార్థులారా! పరీక్షా మందిరంలో గడియారం చూచి చేయి వణికినప్పుడు, తెలిసిన సమాధానం తోచనప్పుడు, మనమూ ఆ పాకెట్‌లోనే నిలిచి ఉంటాము. చూపు ప్రశ్న మీద నిలపడం, ముందుగా ఒక అడుగు వేయడం, ఆ రెంటినీ రోజూ సాధన చేయడం మన వంతు. అయితే తడబడినవానిని నిందించడానికి ముందు, అతని ఎదుట నిలువవలసిన గోడ ఎట్లున్నదో చూడడం పెద్దల వంతు. గురువులు, తల్లిదండ్రులు, కళాశాల పాలకవర్గమువారు — వీరే ఆ గోడ. అది గట్టిగా నిలిచిన చోట సామాన్యుడు సైతం గురి చూచి విసరగలడని మా విశ్వాసము.