స్లైడు మీద పేరుండదు

చెవి తమ్మెను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య గట్టిగా నొక్కి పట్టాలి. నెత్తురు పక్కకు పోయి చర్మం తెల్లబడుతుంది. అప్పుడు బ్లేడుతో అర సెంటీమీటరు పొడవున చిన్న గాటు. ఆ గాటు లోపలి అంచును బ్లేడుతోనే గీకితే కాస్త తడి అంటుకుంటుంది. దాన్ని గాజు స్లైడు మీద పులమాలి. ఆరాక మంట మీద చూపించి, ఎర్రరంగు పోసి, ఆమ్లంతో కడిగి, నీలిరంగు అద్దాలి. ఇక మైక్రోస్కోపు కింద పెట్టి వెతకడమే. నీలం మధ్యలో ఎర్రటి సన్నని పుల్లలు కనిపిస్తే... కుష్ఠు!

రోగికి ఇది కొద్ది నిమిషాల బాధ. ల్యాబ్‌లో కూర్చున్న మనిషికి మాత్రం అసలు పని అప్పుడే మొదలవుతుంది. ఒక్కో స్లైడులో వంద చోట్ల చూడాలి. కళ్లు లాగుతాయి, మెడ పట్టేస్తుంది. తొందరపడి ‘లేదు’ అని రాస్తే రోగం ముదిరిపోతుంది. పొరపాటున ‘ఉంది’ అని రాస్తే, ఒకప్పుడైతే ఆ మనిషికి ఇల్లూ ఊరూ రెండూ పోయేవి.

కామారెడ్డి, ఎల్లారెడ్డి లాంటి ఊళ్లలో ఈ పనికి ఇంకో చిక్కు ఉంది. హైదరాబాద్‌లో ల్యాబ్ టెక్నీషియన్‌కి రోగి ఒక నంబరు. ఇక్కడ అలా కాదు. పొద్దున కళ్లె డబ్బా ఇచ్చి వెళ్లినవాడు సాయంత్రం చాయ్ హోటల్లో ఎదురవుతాడు. నెత్తురు ఇచ్చిన ఆమె పక్కవీధి వదినే కావచ్చు. ఎవరికి టీబీ, ఎవరికి హెచ్ఐవీ, ఎవరికి షుగరు... ఊరి గుట్టంతా ఒక్క మనిషి రిజిస్టర్లో ఉంటుంది. ఆ మనిషే ఆదివారం తెల్లచొక్కా వేసుకుని చర్చిలో కానుకల సంచీ పట్టుకునే డీకన్ కూడా అయితే? నిన్న తాను ‘పాజిటివ్’ అని రాసిన మనిషి ఈరోజు మూడో వరసలో కూర్చుని ఉంటే?

డీకన్ అన్న మాట గ్రీకు నుంచి వచ్చింది. అర్థం సేవకుడు, ఇంకా సూటిగా చెప్పాలంటే వడ్డించేవాడు. విధవరాళ్లకు రోజూ భోజనం సరిగా అందడం లేదని గొడవ వస్తే, ఆ పని చూడటానికి తొలి సంఘం ఏడుగురిని ఎన్నుకుందని బైబిల్లోని అపొస్తలుల కార్యములు చెబుతుంది. బాప్టిస్టు సంఘాల్లో ఇప్పటికీ డీకన్లంటే సంఘస్తులు ఎన్నుకున్న మామూలు ఉద్యోగులు, రైతులు, టీచర్లే. సీఎస్ఐలో అయితే అది గురువు కావడానికి ముందు మెట్టు. ఏ సంఘమైనా డీకన్‌కి పౌలు పెట్టిన షరతు ఒకటుంది. తిమోతికి రాసిన మొదటి లేఖలో కనిపిస్తుంది. డీకన్ రెండు మాటల మనిషి కాకూడదు. ఇక్కడో మాట, అక్కడో మాట పనికిరాదు.

ల్యాబ్ పనికి కూడా సరిగ్గా ఇదే కావాలి. ఉన్నది ఉన్నట్టు రాయాలి, ఎవరికి చెప్పాలో వారికే చెప్పాలి. హెచ్ఐవీ విషయంలో ఇప్పుడు ఏకంగా చట్టమే ఉంది. 2017లో పార్లమెంటు ఆమోదించిన హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం రోగి అనుమతి లేకుండా ఆ సంగతి బయటపెట్టడం నేరం. చట్టం రాకముందు? అంతా ఆ మనిషి నోటి మీదే ఆధారం.

ఈ రెండు పనులూ ఒకే ఆవరణలో సాగిన చోటు ఈ ప్రాంతానికి దూరమేమీ కాదు. కామారెడ్డిలో నిజామాబాద్ వైపు రైలెక్కితే సిర్నాపల్లి, ఇందల్వాయి దాటాక వచ్చే డిచ్‌పల్లి. 2016 అక్టోబరు 11న కామారెడ్డి కొత్త జిల్లా అయ్యేదాకా ఇవన్నీ నిజామాబాద్ జిల్లాలోనివే.

స్కాట్లాండ్‌లో ఓ రైతు కూతురు ఇసబెల్. అబర్డీన్ విశ్వవిద్యాలయంలో 1903లో వైద్యపట్టా అందుకుంది. ఆడవాళ్లు డాక్టర్లు కావడమే అరుదైన రోజులవి. భర్త జార్జి కెర్ మెథడిస్టు పాదిరి. ఇద్దరూ 1907లో నిజాం రాజ్యానికి వచ్చారు. నిజామాబాద్‌లో ఎటు చూసినా కుష్ఠు రోగులే, పట్టించుకునే దిక్కు లేదు. 1911లో అక్కడే చిన్న శరణాలయం తెరిస్తే చూస్తుండగానే నిండిపోయింది. అప్పుడు ముందుకొచ్చిన దాత రాజా నర్సాగౌడ్. క్రైస్తవ మిషన్ ఆసుపత్రికి హిందూ దాత విరాళం! అలా 1915లో డిచ్‌పల్లిలో విక్టోరియా ఆసుపత్రి మొదలైంది. భార్యది మందు, భర్తది ప్రార్థన అని విడదీసి చెప్పడం తేలికే గానీ, 1923లో కైజర్-ఎ-హింద్ పతకం మాత్రం ఇద్దరికీ ఇచ్చారు. ఇసబెల్ 1932 జనవరి 12న కన్నుమూసింది.

ఆమె కాలంలో మందంటే ఒకటే. హిడ్నోకార్పస్ గింజల నూనె. దాన్ని సూదితో చర్మంలోకి ఎక్కించేవారు. నొప్పి మామూలుగా ఉండేది కాదు. అయినా అన్నాళ్లూ ఏ మందూ లేని జబ్బుకి ఏదో ఒకటి దొరికిందన్న ఆశ. మచ్చలు మాయమైన రోగిని చూసి అందరూ సంతోషించేవారు. కానీ పైకి కనిపించేది వేరు, స్లైడు చెప్పేది వేరు. తేలికపాటి జబ్బు ఉన్నవారిలో కొందరు మందు లేకున్నా కోలుకుంటారు. ముదిరినవారికి నూనెతో ఒరిగేది తక్కువ. ఈ తేడా పట్టాలంటే ఓపికగా స్లైడులు చూడటమే మార్గం.

అలా చూసినవారిలో ఒకరు డాక్టర్ జాన్ లోవ్. ఆయనా మెథడిస్టు మిషన్ మనిషే. డిచ్‌పల్లిలో పనిచేసి తర్వాత కలకత్తా ట్రాపికల్ మెడిసిన్ స్కూలుకు, అక్కణ్నుంచి నైజీరియాలోని ఉజువాకోలికి వెళ్లారు. 1940లలో అమెరికాలో సల్ఫోన్ మందులు పనిచేస్తాయని తేలింది. అయితే అవి ఖరీదైన ఇంజెక్షన్లు, పేదదేశాలకు అందేవి కావు. వాటన్నిటికీ మూలమైన డాప్సోన్‌ను మాత్రలుగా, చిన్న మోతాదులో నోటితో ఇస్తే చాలని ఉజువాకోలిలో లోవ్ చూపించారు. 1950లో లాన్సెట్ పత్రికలో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. చవకైన మాత్ర! లక్షలమందికి అదే తొలి నిజమైన మందు. తాము ఏళ్ల తరబడి నమ్మిన నూనెను పక్కన పెట్టమని చెప్పడం మిషన్ డాక్టర్లకు ఎంత కష్టమై ఉండాలి!

కథ అక్కడితో ఆగలేదు. ఉజువాకోలిలో లోవ్‌తో కలిసి పనిచేసిన డాక్టర్ ఫ్రాంక్ డేవీ మలివయసులో డిచ్‌పల్లికి వచ్చారు. 1970ల తొలినాళ్లు. కుష్ఠు తాకితే అంటుకుంటుందని అప్పటికీ లోకమంతా నమ్మేది. పుండ్లు చూసి భయపడేది. డిచ్‌పల్లిలో మాత్రం వేరే చోట వెతికారు. ముక్కులో!

చికిత్స మొదలుకాని, జబ్బు ముదిరిన రోగుల ముక్కు చీమిడి సేకరించి మైక్రోస్కోపు కింద లెక్కపెట్టారు. లండన్ శాస్త్రవేత్త రీస్‌తో కలిసి డేవీ 1974లో ఫలితాలు ప్రకటించారు. ఒక్క రోగి ముక్కు నుంచి రోజుకు కోటి దాకా బతికున్న సూక్ష్మజీవులు బయటికి రావచ్చు. బయటపడ్డాక కూడా అవి ఒకరోజుకు పైగా బతికి ఉండగలవు. చెయ్యి పట్టుకుంటే వస్తుందని శతాబ్దాలుగా తరిమికొట్టిన మనుషుల నుంచి అసలు ముప్పు ఎక్కడుందో చెప్పిన పరిశోధనల్లో ముఖ్యమైనది మన డిచ్‌పల్లిలో జరిగిందన్న సంగతి ఈ జిల్లాలవారిలోనే చాలామందికి తెలియదు. మందు మొదలైతే ఆ ముప్పు త్వరగా తగ్గిపోతుందన్నది కూడా స్లైడులే చెప్పాయి.

పరిశోధన పత్రం మీద డాక్టర్ల పేర్లుంటాయి. తెల్లవారకముందే చీమిడి సేకరించి, రంగులు పోసి, గంటల తరబడి ఎర్ర పుల్లలు లెక్కపెట్టే పని ఏ ల్యాబ్‌లోనైనా టెక్నీషియన్లదే. వారి పేర్లు వెతికినా దొరకవు.

1947 సెప్టెంబరులో సీఎస్ఐ ఏర్పడినప్పుడు ఇక్కడి మెథడిస్టు సంఘాలు అందులో కలిశాయి. కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాలు మెదక్ డయాసిస్ కిందికి వచ్చాయి. ఎల్లారెడ్డివారు పోచారం చెరువు మీదుగా వెళ్లి చూసే మెదక్ పెద్ద చర్చి ఉందే, అదే ఈ డయాసిస్‌కి తలకాయ. 1924 క్రిస్మస్ రోజున తెరుచుకున్న ఆ గుడిని చూడటానికి అన్ని మతాలవారూ వస్తారు. డిచ్‌పల్లి ఆసుపత్రి గురించి అడిగేవారు తక్కువ.

ఇక కుష్ఠు సంగతి. 1980లలో మూడు మందులు కలిపి ఇచ్చే చికిత్స వచ్చాక లెక్క మారింది. ఆరు నెలలు లేదా ఏడాది వాడితే నయం. 2005 డిసెంబరు నాటికి పదివేల మందికి ఒకరికన్నా తక్కువ కేసులున్నాయని మనదేశం ప్రకటించుకుంది. దాంతో జబ్బు పోయిందనుకున్నారు. పోలేదు. 2023లోనూ దేశంలో లక్షకు పైగా కొత్త కేసులు బయటపడ్డాయి. ప్రపంచం మొత్తం మీద చూస్తే సగానికి పైగా మనవే. చర్మం మీద పాలిపోయిన మచ్చ, దాని మీద స్పర్శ తెలియకపోవడం... ఈ రెండూ ఉంటే దగ్గరి సర్కారు దవాఖానలో చూపించుకోవాలి. మందులు ఉచితం.

చెవి తమ్మె పరీక్ష ఇప్పుడు అందరికీ చేయడం లేదు. మచ్చలు, స్పర్శ చూసే డాక్టర్లు మందు మొదలుపెట్టేస్తున్నారు. అదే ఎర్రరంగు, అదే ఆమ్లం, అదే నీలం మాత్రం టీబీ పరీక్షకు ఇంకా వాడుతూనే ఉన్నారు. రెండు జబ్బుల క్రిములూ ఒకే కుదురువి. టీబీకి గంటల్లో ఫలితమిచ్చే మిషన్లు వచ్చాయి గానీ మైక్రోస్కోపు మూలపడలేదు. కామారెడ్డిలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. మైక్రోబయాలజీ తరగతిలో విద్యార్థులు స్లైడుకు రంగులద్ది ఎర్ర పుల్లలు వెతకడం నేర్చుకుంటారు. స్లైడు చివర వజ్రపు పెన్సిలుతో గీసిన నంబరొకటి ఉంటుంది. ఆ నంబరు ఎవరిదో రిజిస్టరు తెరిస్తే తెలుస్తుంది. రిజిస్టరు టెక్నీషియన్ బీరువాలో ఉంటుంది. తాళంచెవి ఆయన జేబులో.