మీకు తెలుసా? మొండి ఆయిల్ సీల్ బలానికి లొంగదు

కారు గేర్‌బాక్స్ నుంచి డ్రైవ్ షాఫ్ట్ బయటికి వచ్చే చోట నల్లటి రబ్బరు రింగు ఒకటి కనిపిస్తుంది. అదే ఆయిల్ సీల్. షాఫ్ట్ తిరుగుతున్నా లోపలి నూనె బయటికి కారకుండా, బయటి దుమ్మూ నీళ్లూ లోపలికి పోకుండా కాపలా కాసేది అదే. కారడం మొదలైతే మార్చక తప్పదు. నూనె దించి, చక్రం విప్పి, డ్రైవ్ షాఫ్ట్ లాగేసేదాకా పని సాఫీగానే సాగుతుంది. ఆ తర్వాతే పాత సీల్ కదలనని మొండికేస్తుంది.

ఎందుకంటే అది పైకి కనిపించేంత రబ్బరు కాదు. లోపల ఉక్కు రింగు ఉంటుంది. సీల్ బయటి వ్యాసాన్ని అది కూర్చునే గూడు కంటే మిల్లీమీటరులో పదో వంతో, రెండు పదో వంతులో ఎక్కువగా, కావాలనే చేస్తారు. నొక్కితే తప్ప దిగదు. ఆ బిగువే దాన్ని ఏళ్ల తరబడి పట్టి ఉంచుతుంది. ఉక్కు అంచు బయటికే ఉండే రకమైతే తుప్పు కూడా తోడవుతుంది. రబ్బరు పూత ఉన్న రకమైతే ఆ పూత వేడికి గట్టిపడి గూడు గోడకు అంటుకుపోతుంది.

ఇలాంటప్పుడు చాలామంది పెద్ద స్క్రూడ్రైవర్ తీసుకుని గూడు అంచుకు ఆనించి లేపుతారు. అదే చేయకూడని పని. సీల్ ఎలాగూ పారేసేదే, దాన్ని ఎంత చీల్చినా నష్టం లేదు. కాపాడుకోవాల్సింది గూడు గోడను. చాలా గేర్‌బాక్సుల పెట్టె అల్యూమినియంతో పోతపోసింది, ఉక్కు మొన తగిలితే ఇట్టే గీత పడుతుంది. గోడ మీద అడ్డంగా పడిన ఒక్క గీత చాలు, కొత్త సీల్ వెనక నుంచి నూనెకు దారి దొరుకుతుంది. సీల్ ధర వందల్లో ఉంటే గేర్‌బాక్స్ పెట్టె ధర వేలల్లో ఉంటుంది.

నిదానంగా పనిచేసేవాళ్లు నమ్ముకునేది స్క్రూల పద్ధతి. సీల్ ముఖం మీద, ఉక్కు రేకు ఉన్న చోట, ఎదురెదురుగా రెండు సన్నని రంధ్రాలు వేస్తారు. రెండు మూడు మిల్లీమీటర్ల డ్రిల్ బిట్ సరిపోతుంది. బిట్‌కు ముందే గ్రీజు పూస్తే ఇనుప రజను దానికే అంటుకుంటుంది, గేర్లలోకి రాలదు. సీల్ వెనకే బేరింగ్ ఉండొచ్చు కాబట్టి రేకు తెగిన క్షణంలో డ్రిల్ ఆపాలి. బిట్‌కు టేపు చుట్టి లోతు గుర్తు పెట్టుకోవడం ఇంకా మంచిది. ఆ రంధ్రాల్లో స్క్రూలు బిగించి, ప్లయర్‌తో ఒకదాన్ని కాస్త, రెండోదాన్ని కాస్త, మార్చి మార్చి లాగాలి. ఒకవైపే లాగితే సీల్ ఓరగా ఇరుక్కుని ఇంకా బిగుసుకుంటుంది.

గూట్లో లోతుగా కాకుండా పైపైనే కూర్చున్న సీల్‌కు ఇంకో ఉపాయం ఉంది. ఒక అంచు మీద పంచ్ పెట్టి చిన్నగా కొడితే ఆ వైపు లోపలికి దిగి, ఎదురు వైపు పైకి లేస్తుంది. లేచిన అంచును ప్లయర్‌తో పట్టుకోవచ్చు. వెనక ఖాళీ ఉందని తెలిస్తేనే ఈ పని చేయాలి.

వేడి కూడా సాయపడుతుంది. అల్యూమినియం ఉక్కు కంటే దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది. 60 మిల్లీమీటర్ల గూడును హీట్ గన్‌తో 60 డిగ్రీల మేర వేడి చేస్తే, సీల్ కూడా అంతే వేడెక్కినా, బిగువు దాదాపు 0.04 మిల్లీమీటరు తగ్గుతుంది. అంకె చిన్నదే కానీ చేతికి తేడా తెలుస్తుంది. నూనె చుట్టుపక్కల బ్లో ల్యాంప్ మంట మాత్రం వద్దే వద్దు.

మరో విశేషం. బాగున్న సీల్ రబ్బరు అంచు తిరిగే షాఫ్ట్‌ను నేరుగా రుద్దదు. మధ్యలో సుమారు మిల్లీమీటరులో వెయ్యో వంతు మందాన నూనె పొర ఉంటుంది. అంచు కోణాలు, దాని మీది సూక్ష్మమైన గరుకు కలిసి ఆ నూనెను మళ్లీ లోపలికే తోస్తుంటాయి. పూర్వం ఈ పనికి తోలు వాడేవారు. జర్మనీలోని ఫ్రాయ్డెన్‌బర్గ్ సంస్థ 1849లో తోళ్ల శుద్ధి కర్మాగారంగా మొదలై, 1929లో తోలు సీళ్లు చేసి, 1936లో కృత్రిమ రబ్బరు సీళ్లకు మళ్లింది. తోలు నుంచి రబ్బరుకు మారాకే ఇంత సన్నని, ఇంత నమ్మకమైన అంచు సాధ్యమైంది.

రబ్బరు మెత్తనిదే అయినా ఉక్కు షాఫ్ట్‌ను అరగదీస్తుంది. అంచులో ఇరుక్కున్న దుమ్ము రేణువులు ఏళ్ల పాటు రుద్ది షాఫ్ట్ చుట్టూ గాడి చేస్తాయి. గోరు ఆడిస్తే తగిలేంత గాడి ఉంటే కొత్త సీల్ ఒక్కటే సరిపోదు. షాఫ్ట్ మీద తొడగడానికి 0.28 మిల్లీమీటరు మందం ఉన్న స్టెయిన్‌లెస్ స్లీవ్‌లు దొరుకుతాయి. ఎమరీ పేపర్‌తో ఓరగా రుద్దకండి, ఆ గీతలు మర చుట్టుల్లా నూనెను బయటికి నడిపిస్తాయి.

కొత్తదాన్ని స్ప్రింగ్ ఉన్న వైపు నూనె దిక్కుగా ఉంచి, అంచుకు గ్రీజు రాసి, తిన్నగా దించాలి. చాలా కార్లలో ఎడమ, కుడి సీళ్లు వేరు. షాఫ్ట్ తిరిగే దిశ చూపే బాణం గుర్తు చూసుకోండి. డ్రైవ్ షాఫ్ట్ తిరిగి దూర్చేటప్పుడు దాని పళ్లు రబ్బరు అంచును కోయకుండా చేత్తో ఎత్తి పట్టాలి.

ఇంత చేసినా కొన్నాళ్లకే మళ్లీ కారితే, సీల్‌ను తప్పుపట్టే ముందు గేర్‌బాక్స్ పైనుండే బ్రీదర్ చూడండి. ఆ చిన్న గాలి రంధ్రం బురదతో పూడుకుపోతే, వేడెక్కిన గాలికి బయటికి దారి లేక నూనెను సీల్ గుండా తోస్తుంది. సీల్ మార్పించే రోజే బ్రీదర్ కూడా శుభ్రం చేయమని మీ మెకానిక్‌కు చెప్పండి.