పాత పాఠం, కొత్త కెర్నెల్
ప్రాసెసర్, మెమరీ వంటి వనరులను ప్రోగ్రాములకు పంచిపెట్టే, లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్రభాగమైన కెర్నెల్‌ను అభ్యసించేవారు నేటికీ ఆశ్రయించే ‘లినక్స్ డివైస్ డ్రైవర్స్’ పుస్తకం మూడవ కూర్పు 2005లో, 2.6.10 కెర్నెల్ ఆధారంగా వెలువడింది. అందులోని ఉదాహరణలను యథాతథంగా నేటి కెర్నెల్‌పై కంపైల్ చేయబోతే చాలాచోట్ల దోషాలే ఎదురవుతాయి. పరికరాన్ని నడిపే డ్రైవర్‌కు ప్రత్యేక ఆదేశాలు చేరవేసే ‘ఐఓసీటీఎల్’ ఫంక్షన్‌కు డ్రైవర్ పట్టికలో ఉన్న పాత స్థానం 2010లోనే తొలగిపోగా, ఒకేసారి ఒకరినే లోనికి అనుమతించే ‘బిగ్ కెర్నెల్ లాక్’ అనే ఉమ్మడి తాళం 2011లో కనుమరుగైంది. అనువర్తనాలు వాడుకునే సిస్టమ్ కాల్స్‌ను పదిలంగా కాపాడే లినక్స్ నిర్మాతలు లోపలి ఫంక్షన్లకు అటువంటి హామీ ఏదీ ఇవ్వరు. అయినప్పటికీ, పరికరం పిలుపునకు వెంటనే స్పందించే ఇంటరప్ట్ హ్యాండ్లర్ పని మధ్యలో నిద్రపోరాదన్న నియమం, బహుశా పుస్తకంలోకెల్లా విలువైన పాఠం, నేటికీ చెక్కుచెదరలేదు. మారిన పేర్లకు మాత్రం కెర్నెల్ సోర్స్ కోడే ప్రమాణం.