ఉద్వాడలో ఆరని అగ్ని

వివాహానికి సాక్షి అగ్ని. గృహప్రవేశాన పాలు పొంగించేది అగ్ని. చివరకు ఈ దేహాన్ని స్వీకరించేదీ అగ్నియే. ఋగ్వేదం అగ్నిస్తుతితోనే ఆరంభమవుతుంది. ఆహితాగ్నులు తమ గృహాలలో త్రేతాగ్నులను జీవితాంతం కాపాడుకునేవారని పెద్దల వల్ల వినే ఉంటారు. అటువంటి దీక్షతోనే గుజరాత్ సముద్రతీరంలోని ఉద్వాడ అనే చిన్న గ్రామంలో ఒక అగ్నిని శతాబ్దాలుగా ఆరనివ్వకుండా కాపాడుతున్నారు. దాని పేరు ఇరాన్‌షా. కాపాడుతున్నవారు పార్సీలు.

వేదానికి చుట్టమైన భాష

పార్సీల ప్రవక్త జరతుష్ట్రుడు. ఆయన కాలంపై పండితులలో ఏకాభిప్రాయం లేదు. క్రీస్తుకు వెయ్యేళ్లకు పూర్వుడని పలువురి భావన. ఆయన గానం చేసిన 17 గాథలు 'అవెస్తా' అనే పవిత్ర వాఙ్మయంలో ఉన్నాయి. ఆ భాషను వేదభాష పక్కన నిలిపి చూడండి. మన యజ్ఞం వారికి యస్న. సోమం హఓమ. మిత్రుడు మిథ్ర. సప్తసింధువు హప్తహిందు. పరమేశ్వరుని వారు అహుర మజ్దా అంటారు. అహుర అంటే అసుర శబ్దమే. ఋగ్వేదంలోనూ వరుణాదులకు అది గౌరవవాచకంగా కనిపిస్తుంది. మన దేవశబ్దం మాత్రం అక్కడ 'దయేవ'గా మారి దుష్టశక్తులకు పేరైంది.

మన ఋతం వారికి 'అష'. సత్యం, ధర్మం, సృష్టిలోని క్రమం అన్నీ అందులో ఇమిడి ఉన్నాయి. దానికి విరోధి అసత్యం. ఈ రెండింటిలో దేనిని వరించాలన్నది మనిషి చేతిలోనే ఉందన్నది జరతుష్ట్రుని బోధ. అగ్ని ఆ సత్యానికి ప్రత్యక్ష రూపం. అందుకే పార్సీలు అగ్ని ఎదుట నిలిచి అహుర మజ్దాను ప్రార్థిస్తారు.

పదహారు అగ్నుల సంగమం

పార్సీల అగ్నులలో అత్యున్నతమైనది 'ఆతష్ బెహ్రామ్'. మన దేశంలో ఇవి ఎనిమిది: ముంబైలో నాలుగు, సూరత్‌లో రెండు, నవ్‌సారి, ఉద్వాడలలో ఒక్కొక్కటి. వీటిలో ప్రాచీనమైనది ఇరాన్‌షా. ఇటువంటి అగ్నిని ప్రతిష్ఠించాలంటే పదహారు చోట్ల నుంచి అగ్నిని సేకరించాలి. కుమ్మరి ఆవం, కమ్మరి కొలిమి, కంసాలి కుంపటి, పిడుగు, చివరకు శవదహనం చేసిన చితి కూడా వాటిలో ఉంటాయి. రంధ్రాలున్న గరిటెలో గంధపు ముక్కలుంచి, మంటకు తాకకుండా పైన పట్టుకుంటారు. ఆ వేడికి అంటుకున్నది శుద్ధి పొందిన కొత్త అగ్ని. చితాగ్నికి ఈ సంస్కారం 91 మార్లు జరుగుతుంది. ఆ తరువాతే అది రాజగృహపు అగ్నితో సమానంగా ఒకే వేదికను చేరుతుంది. ఏ పుట్టుకనైనా పావనం చేయగల ఓర్పు ఈ విధిలో ఉంది.

వలస వచ్చిన రాజు

క్రీ.శ. 651లో సాసానీయ చక్రవర్తి మూడవ యజ్దగిర్ద్ మరణంతో ఇరాన్‌లో ఆ సామ్రాజ్యం అంతరించింది. కాలక్రమంలో కొందరు స్వధర్మరక్షణకై సముద్రం దాటి గుజరాత్‌లోని సంజాన్ చేరారు. పాలలో చక్కెరలా ఇక్కడి వారిలో కలసిపోతామని రాజుకు మాట ఇచ్చారన్న కథ వారిలో ప్రసిద్ధం. సొంత రాజు లేని ఆ ప్రజలు తాము ప్రతిష్ఠించుకున్న అగ్నినే రాజుగా భావించారు. 'ఇరాన్‌షా' అంటే ఇరాన్ రాజు. సంజాన్‌పై సుల్తానుల సేన దాడి చేసినప్పుడు ఆ అగ్నిని బహ్రోట్ కొండగుహలో 12 ఏళ్లు దాచారని 'కిస్సా-ఎ-సంజాన్' అనే పార్సీ కావ్యం చెబుతుంది. తరువాత బాన్స్‌డా, నవ్‌సారి మొదలైన చోట్ల ఉండి, 1742లో ఉద్వాడ చేరింది.

మనసా వాచా కర్మణా

నేటికీ అర్చకుడు రోజుకు ఐదు వేళల గంట మోగించి, గంధపు చెక్కలు సమర్పిస్తాడు. తన ఊపిరి తగిలి అగ్ని మైలపడకుండా నోటికి తెల్లని వస్త్రం కట్టుకుంటాడు. మన ఉపనయనాన్ని తలపించే 'నవ్‌జోత్' సంస్కారంలో బాలురకే కాక బాలికలకూ 72 పోగుల ఉన్ని సూత్రం ధరింపజేస్తారు. దానిని నడుముకు మూడు చుట్లు చుడతారు. మంచి తలపు, మంచి మాట, మంచి పని అన్నవి వారి ధర్మానికి మూలసూత్రాలు. మన త్రికరణశుద్ధి ఇదే కదా!

ఉద్వాడ వెళితే మీరు ఆలయం వెలుపలి నుంచే నమస్కరించాలి. పార్సీలు కానివారికి లోనికి ప్రవేశం లేదు. మన సికింద్రాబాద్‌లోని 1847 నాటి అగ్న్యాలయం ఎదుట కూడా అంతే.

అయితే అగ్ని ముందు నిలిచే చేతులే తగ్గిపోతున్నాయి. 2001లో 69,601గా ఉన్న పార్సీల సంఖ్య 2011 జనగణనలో 57,264కు పడిపోయింది. ఆలస్యపు వివాహాలు, స్వల్ప సంతానం, విదేశీ వలసలు ఇందుకు కారణాలు. అర్చకత్వం తండ్రి నుంచి కుమారునికి సంక్రమించేది. ఆ కుమారులు నేడు ఇతర వృత్తులకు వెళ్లిపోతున్నారు. గంధపు చెక్కలు కొనవచ్చు. వేళ తప్పక వాటిని సమర్పించే మనిషిని ఎక్కడ కొనగలం?

ఈ చింత వారిది మాత్రమే కాదు. నిన్నటి కట్టె నేడు బూడిదే. అగ్ని మాత్రం ఒక చేతి నుంచి మరొక చేతికి అందుతూ నిలిచింది. మన ఇంటి దీపమూ అంతే. ఈ సాయంసంధ్యలో ప్రమిదలో నూనె పోసే పనిని మీ పిల్లల చేతికి అప్పగించండి. రేపు కూడా ఆ వేళకు వారికి గుర్తుచేయండి.