వెనుక వచ్చేవారి వేగమే బృందం వేగం

ముందు ఒంటెను కట్టివేసి, ఆ తరువాత అల్లాహ్‌పై భారం వేయమని బోధించిన దైవప్రవక్త (సఅసం) అనుచరులం మనం. అయినా ఏ సన్నాహమూ లేకుండా బయలుదేరి, దారిలో చిక్కుపడిన తరువాత దుఆకు చేతులెత్తడం మనలో చాలామందికి అలవాటు. జీవితమంతా ఇతరులకు పాఠాలు చెప్పిన మాకు, గత శీతాకాలంలో ఒక సైకిలు ఈ సంగతిని మళ్ళీ నేర్పింది.

బాల్యంలో మా సాయంకాలపు మక్తబ్‌లో ఖుర్ఆన్ చదువుకున్న ఒక యువకుడు ఇప్పుడు హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. నవంబరు చివరలో ఒకనాడు ఇషా నమాజు తరువాత మా వద్దకు వచ్చి, "ఉస్తాద్, జనవరిలో ఒక ఆదివారం పన్నెండు మందిమి కలిసి సైకిళ్ళపై దూరం వెళ్ళాలనుకుంటున్నాం. సరదా ప్రయాణమే, పోటీ కాదు. మీరూ రండి" అన్నాడు. మాకు నవ్వు వచ్చింది. మా వయస్సు యాభై మూడు. ఎనిమిదేళ్ళుగా చక్కెర వ్యాధి. చదువుకునే రోజుల్లో గంటకింత అని అద్దెకు తెచ్చుకుని తొక్కిన సైకిలే మా చివరి సైకిలు. ఇంట్లో ఈ మాట చెప్పగానే, "డాక్టరు గారు నడవమంటే నడవరు, ఇప్పుడు సైకిలు తొక్కుతారా?" అని మా శ్రీమతి ప్రశ్నించారు. ఆ ప్రశ్నకు మా వద్ద జవాబు లేదు. బహుశా అందుకే ఒప్పుకున్నాం.

కూర్చున్న నగరం

1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటికి మాదాపూర్ పరిసరాలు చాలావరకు బండరాళ్ళు, పొదలు. నేడు అక్కడి నుండి గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ వరకు అద్దాల భవనాలే. మన ఇళ్ళ పిల్లలు ఎందరో అక్కడ హలాల్ జీవనోపాధి పొందుతున్నారు, అల్‌హమ్దులిల్లాహ్. కాని పగలంతా కంప్యూటరు ముందు, ఉదయం సాయంత్రం వాహనాల రద్దీలో వారు కూర్చునే ఉంటారు. చాప మీద కూర్చుని పాఠం చెప్పే మా సంగతీ అంతే. పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు శారీరక శ్రమ అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. శరీరం మనకు అప్పగించబడిన అమానతు అని జుమా ప్రసంగాల్లో చెప్పే మేము, ఆ అమానతు లెక్క ఎన్నడూ చూసుకోలేదు.

మేము ఎంచుకున్న మార్గం ఔటర్ రింగ్ రోడ్డు వెంట ఉన్న సౌర పైకప్పు సైకిల్ ట్రాక్. 2023 అక్టోబరు 1న ప్రారంభమైన ఈ మార్గం మొత్తం 23 కిలోమీటర్లు. నార్సింగి నుండి కొల్లూరు వరకు 14.5 కిలోమీటర్లు ఒక భాగం, నానక్‌రామ్‌గూడ నుండి పోలీస్ అకాడమీ వరకు 8.5 కిలోమీటర్లు మరొక భాగం. వెడల్పు 4.5 మీటర్లు. పైకప్పుగా పరచిన సౌర ఫలకాలు 16 మెగావాట్ల సామర్థ్యం గలవి. అవి విద్యుత్తునూ ఇస్తాయి, తొక్కేవారికి నీడనూ ఇస్తాయి. లారీలు, బస్సుల మధ్య నలగకుండా కొత్తవారు ధైర్యంగా తొక్కదగిన చోటు ఇది. రెండు భాగాలనూ పోయి రావడానికి 46 కిలోమీటర్లు. మా లక్ష్యం అదే.

ఎనిమిది వారాల సన్నాహం

మొదటి మెట్టు వైద్యుని సలహా. మధుమేహం, రక్తపోటు, గుండె జబ్బు ఉన్నవారు దీనిని దాటవేయరాదు. శ్రమ వల్ల రక్తంలో చక్కెర పడిపోవచ్చు. ఇన్సులిన్, కొన్ని రకాల మాత్రలు వాడేవారికి ఈ ప్రమాదం ఎక్కువ. మందుల మోతాదు మార్చవలసినది వైద్యుడే, మనం కాదు. అకస్మాత్తుగా చెమట, వణుకు, అయోమయం కలిగితే వెంటనే ఆగి, సుమారు 15 గ్రాముల గ్లూకోజు లేదా మూడు చెంచాల చక్కెర తీసుకుని, పావుగంట తరువాత మళ్ళీ పరీక్షించుకోవాలని మా డాక్టరు గారు చెప్పారు. ఆ పొట్లం ప్రతిసారీ మా జేబులో ఉండేది.

రెండవది, సైకిలు మన కొలతకు సరిపోవడం. సీటుపై కూర్చుని, క్రిందికి ఉన్న పెడల్‌పై మడమ ఆనించినప్పుడు కాలు తిన్నగా చాచుకోవాలి. అప్పుడు పాదం ముందు భాగంతో తొక్కితే మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది. సీటు మరీ క్రిందికి ఉంటే మోకాళ్ళ నొప్పి తప్పదు. టైరులో గాలి ఎంత ఉండాలో దాని ప్రక్కనే ముద్రించి ఉంటుంది. ఖరీదైన సైకిలు అవసరం లేదు. మేము తొక్కినది మా మేనల్లుని పాత గేర్ల సైకిలు. బ్రేకులు, చైను సరిచేయించి, హెల్మెట్ ఒకటి కొన్నాం.

మొదటి వారమే మా కుర్తా అంచు చైనులో చిక్కుకుని చిరిగింది. పడిపోలేదు గాని, వీధిలో నవ్వినవారు నవ్వారు. నాటి నుండి కుర్తా పొట్టిది, పైజామా అంచుకు పట్టీ. బురఖా ధరించి సైకిలు నేర్చుకుంటున్న సోదరీమణులు చైనుకు పూర్తి కవరు, వెనుక చక్రానికి బట్ట పడకుండా జాలీ ఉన్న సైకిలును ఎంచుకోవాలి. పరదాకూ భంగం ఉండదు, ప్రాణానికీ భయం ఉండదు.

మూడవది, దూరాన్ని క్రమంగా పెంచడం. వారంలో రెండు రోజులు ఫజ్ర్ తరువాత అరగంట, ఆదివారం కొంత దూరం. మా ఆదివారాల లెక్క వరుసగా 6, 10, 14, 18 కిలోమీటర్లు. అయిదవ వారం విశ్రాంతిగా 12, ఆ పిమ్మట 24, 32. ఎనిమిదవ వారం తేలికగా గడిపి, దాని చివర ప్రయాణం. మొత్తం దూరంలో మూడింట రెండు వంతులు సుఖంగా తొక్కగలిగినవాడు, బృందంతో కలిసి మిగిలినది కూడా తొక్కగలడు. వేగానికి కొలమానం సులభమైనది: తొక్కుతూ ప్రక్కవారితో పూర్తి వాక్యం మాట్లాడగలగాలి. మాట మధ్యలో ఊపిరి తెగిందంటే శక్తికి మించి పోతున్నట్లే.

నాలుగవది, కలిసి నడిచే మర్యాద. ముందున్న సైకిలుకూ మనకూ మధ్య కనీసం ఒక సైకిలంత ఎడం ఉండాలి. మన ముందు చక్రం వారి వెనుక చక్రం ప్రక్కకు చేరరాదు. వారు కొంచెం ప్రక్కకు జరిగినా పడేది మనమే. హఠాత్తుగా బ్రేకు వేయరాదు. ఆగేముందు చేయెత్తి, గొంతెత్తి చెప్పాలి. గుంత కనిపిస్తే వేలితో వెనుకవారికి చూపాలి. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకోరాదు. దాహం కాకముందే త్రాగాలి, ఆకలి వేయకముందే కొంచెం తినాలి. విడి ట్యూబు, గాలి పంపు, పంక్చర్ సామాను కనీసం ఇద్దరి వద్ద ఉండాలి.

చివరి మనిషి

ముగ్గురు ప్రయాణిస్తే ఒకరిని అమీరుగా ఎన్నుకోవాలన్నది ప్రవక్త (సఅసం) బోధన. మేము కూడా ఎన్నుకున్నాం. అమీరు ముందు ఉంటాడని అందరూ అనుకున్నారు. మా యువకుడు మాత్రం, "నేను అందరికంటే వెనుక ఉంటాను" అన్నాడు. కారణం అడిగితే చెప్పాడు. అంతకుముందు ఏడాది అతడు తొలిసారి ఒక బృందంతో వెళ్ళి, సగం దారిలో అలసి వెనుకబడ్డాడు. ఎవరూ వెనుదిరిగి చూడలేదు. సైకిలును ఆటోలో వేసుకుని ఇల్లు చేరి, ఆరు నెలలు దాని ముఖం చూడలేదట.

ఆ ఆదివారం ఫజ్ర్ నమాజు జమాఅత్‌తో చేసుకుని, తెలతెలవారుతుండగా నార్సింగి నుండి బయలుదేరాం. కొల్లూరు చేరి ఖర్జూరాలు తిని, నీళ్ళు త్రాగి, చక్కెర పరీక్షించుకుని తిరిగి వచ్చాం. అంతవరకు 29 కిలోమీటర్లు హాయిగా గడిచాయి. రెండవ భాగంలో, ఇంకా ఆరు కిలోమీటర్లు ఉందనగా, మా పిక్క కండరం పట్టేసింది. సైకిలు దిగి, "బేటా, మీరు వెళ్ళండి, నేను మెల్లగా వస్తాను" అన్నాం. అతడు కూడా దిగాడు. "ఉస్తాద్, ఈ రోజు చివరి మనిషిని నేను. మీరు నా ముందు ఉంటేనే నేను చివర ఉండగలను" అన్నాడు.

ప్రయాణాల్లో దైవప్రవక్త (సఅసం) కావాలనే వెనుక ఉండి, బలహీనుల వాహనాలను ముందుకు నడిపించేవారని, నడవలేనివారిని తమ వెనుక ఎక్కించుకునేవారని, వారి కోసం దుఆ చేసేవారని హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖనం. ఈ హదీసును మేము ఎన్నో ఏళ్ళు విద్యార్థులకు బోధించాం. కాని ఆ నాడు కాలు పట్టుకుని దారి ప్రక్కన కూర్చున్నప్పుడు మా కళ్ళ ముందు మెదిలినది ఒక బాలుని ముఖం. చాలా కాలం క్రితం మా తరగతిలో చివరి వరుసలో కూర్చునేవాడు. పాఠం ఆలస్యంగా పట్టుబడేది. చురుకైన పిల్లల వేగంతో మేము ముందుకు సాగిపోయాం. ఒక రంజాన్ సెలవుల తరువాత అతడు తిరిగి రాలేదు. మేము వెనుదిరిగి చూడలేదు.

కాలు సర్దుకున్నాక మెల్లగా తొక్కుతూ వెళ్ళాం. మిగిలిన పది మందీ ముగింపు వద్ద ఎండలో నిలబడి మా కోసం ఎదురుచూస్తున్నారు. ఎవరూ ముందుగా ఇంటికి పోలేదు. జుహర్ నమాజు ఇంటి వద్ద పూర్తిగా నాలుగు రకాతులే చేశాం. మా హనఫీ ఉలమాల లెక్కన ఖస్ర్‌కు సుమారు 77 కిలోమీటర్ల దూరం వెళ్ళే ప్రయాణం కావాలి. మాది అంతటి ప్రయాణం కాదు. దాని నుండి మేము తెచ్చుకున్న పాఠం మాత్రం చిన్నది కాదు. మరునాడు తరగతిలో పాఠాన్ని చివరి వరుస నుండి వినడం మొదలుపెట్టాం. ఆ బాలుని ఆచూకీ కోసం ఇప్పటికీ విచారిస్తున్నాం.

పాఠక సోదర సోదరీమణులారా! మీ ఇంట్లో మూలన దుమ్ము పట్టిన సైకిలు ఉంటే ఈ ఆదివారం బయటకు తీయండి. టైర్లలో గాలి నింపండి. అబ్బాజాన్‌ను, పిల్లలను వెంట తీసుకుని ఆరు కిలోమీటర్లతో మొదలుపెట్టండి. బయలుదేరే ముందు ఒక్కటి నిర్ణయించుకోండి: చివరి మనిషి ఎవరు? కలిసి బయలుదేరిన వారందరినీ కలిసి ఇల్లు చేరే వారిగా అల్లాహ్ తీర్చిదిద్దుగాక! ఆమీన్.