కేస్లాపూరులో 22 పొయ్యిలు

ఉత్తర తెలంగాణంలో పండుగ అంటే చాలవరకు గడప దాటి వెళ్ళడమే. కరీంనగరు, ఆదిలాబాదు సీమలలో కుటుంబమంతా కలిసి ఆరుబయట భుజించే సందర్భాలు ఏడాది పొడుగునా వస్తూనే ఉంటాయి. సద్దుల బతుకమ్మనాడు ఆడపడుచులు నువ్వుల సద్ది, పెరుగు సద్ది, పులిహోర, మలీద ముద్దలు గిన్నెల కెత్తుకొని చెరువు గట్టుకు పోతారు. బతుకమ్మను నీట సాగనంపి, తెచ్చిన సద్దిని అక్కడనే ఒకరికొకరు పంచుకొని తింటారు. కార్తికమాసంలో ఉసిరిచెట్టు నీడను వెదకుకొని వనభోజనాలకు వెళ్ళడం ఉన్నది. రెండేండ్ల కొకసారి మాఘ పౌర్ణమి వేళకు మేడారం ప్రయాణం ఉన్నది. వెనుకటి దినాలలో ఎడ్లబండ్లు కట్టుకొని, నేడు బస్సులెక్కి, చెట్ల కింద గుడారాలు వేసుకొని, మూడు రాళ్ళు పేర్చి వండుకొని తిని వస్తారు.

ఈ సందర్భాలలో ఎక్కడికి పోయినా ఒక లక్షణం సామాన్యంగా కనబడుతుంది. ఎన్ని కుటుంబాలు వస్తే అన్ని పొయ్యిలు వెలుగుతాయి. పక్కపక్కనే కూర్చున్నా ఎవరి కుండ వారిదే, ఎవరి కూర వారిదే. కూరాకులు ఇచ్చిపుచ్చుకోవచ్చును గాని పొయ్యిని పంచుకోవడం ఉండదు.

ఆదిలాబాదు జిల్లా ఇంద్రవెల్లి మండలంలోని కేస్లాపూరులో మాత్రం ఈ లెక్క తారుమారవుతుంది. పుష్య అమావాస్యకు జరిగే నాగోబా జాతరలో మెస్రం వంశానికి చెందిన గోండు కుటుంబాలు వందల సంఖ్యలో చేరినా, వారు వంట చేసుకొనే పొయ్యిలు 22 మాత్రమే. ఆలయ సమీపాన గుండ్రని గోడ కట్టిన ఆవరణ ఒకటి ఉన్నది. దానిని గోవాడ అంటారు. దానిలోనే ఈ పొయ్యిలు. మెస్రం వంశం 22 కితలుగా, అనగా శాఖలుగా, విభజింపబడి ఉన్నది. ఒక్కొక్క శాఖలోని కుటుంబాలు ఎన్ని పెరిగినా పొయ్యి పెరగదు. ఒకరి వంట ముగిసిన తరువాత మరొకరు వంతు ప్రకారం కుండ ఎక్కిస్తారు.

ఈ ఆచారం అర్థం కావాలంటే ఆ ప్రయాణం మొదటినుండి చూడాలి.

గోండుల వంశాలు వారు కొలిచే దేవతల సంఖ్యను బట్టి నాలుగు, ఐదు, ఆరు, ఏడు అనే వర్గాలుగా ఏర్పడినవి. ఒకే వర్గానికి చెందినవారు పరస్పరం అన్నదమ్ములు; వారి నడుమ వివాహ సంబంధం ఉండదు. మెస్రం వారికి నాగోబా, అనగా నాగదేవత, వంశదైవం. పుష్యమాసంలో నెలవంక కనిపించిన తరువాత పెద్దలు కేస్లాపూరులో సమావేశమై యాత్రను నిర్ణయిస్తారు. అటుపిమ్మట ఒక బృందం పాదరక్షలు లేకుండ కాలినడకను గోదావరి వైపు బయలుదేరుతుంది. జన్నారం మండలంలో కలమడుగు చెంత హస్తినమడుగు అనే చోట గోదావరీ జలాన్ని కలశంలో నింపుకొంటారు. దారిలో గూడెం గూడెమునా మజిలీలు. తిరుగు ప్రయాణంలో ఇంద్రవెల్లి వద్ద ఇంద్రాదేవిని పూజించి కేస్లాపూరు చేరుతారు. అమావాస్య రాత్రి ఆ జలంతోనే నాగోబాకు అభిషేకం.

ఈలోగా కుటుంబాలు కదలుతాయి. పూర్వపు ఆదిలాబాదు జిల్లా 2016 అక్టోబరులో నాలుగు జిల్లాలుగా విడిపోయినది. కాని మెస్రం వారి బంధుత్వాలు ఆ సరిహద్దులను లెక్కపెట్టవు. మంచిర్యాల వైపునుండి, ఆసిఫాబాదు వైపునుండి, ఎగువన మహారాష్ట్రనుండి కూడ జనం వస్తారు. బండిలో పరుపులు, పసిపిల్లలు, పిండి, పప్పు, మిరపకాయలు, కట్టెలు, ఎడ్లకు మేత. ఆలయానికి దాపున ఉన్న మర్రిచెట్ల కింద దిగి అమావాస్యకు ముందే కొన్ని రోజులు అక్కడ విడిది చేస్తారు. బడికి పోయే పిల్లలకు తమ తండ్రి అన్నదమ్ములెందరో, మేనత్తలు ఏయే ఊళ్ళలో ఉన్నారో కండ్లారా తెలిసేది ఈ మర్రినీడనే. రాత్రివేళ పర్ధానులు కిక్రి వాయిస్తూ వంశకథ చెబుతారు. పర్ధానులు గోండులకు వంశ చరిత్రను గానం చేసే కులంవారు. వారి నోటిలోనే ఆ చరిత్ర తరతరాలుగా నిలిచినది.

పూజకు కావలసిన కుండలు సిరికొండ కుమ్మరుల చేత తయారవుతాయి. ఆ కొత్త కుండలతో కోనేటినుండి నీళ్ళు తెచ్చే పని మెస్రం ఇంటి ఆడపడుచులది, అల్లుళ్ళది. అనగా పెండ్లియై వేరొక వంశానికి వెళ్ళిన కూతురు కూడ ఈ జాతరలో చుట్టపుచూపుగా కూర్చోదు. ఆమె చేయవలసిన పని ఒకటి ఆమె కోసం నిలిచి ఉంటుంది. ఇక ఆ వంశానికి కొత్తగా వచ్చిన కోడళ్ళ సంగతి. మహాపూజ జరిగిన రాత్రి వారిని తెల్లచీరలు కట్టించి నాగోబా ముందుకు, పెద్దల ముందుకు తీసుకొనిపోయి పరిచయం చేస్తారు. దీనిని భేటింగు అంటారు. ఇది జరిగిన తరువాతనే ఆ కోడలు వంశపూజలలో పాల్గొనడానికి అర్హురాలవుతుంది. వేరొక వర్గంనుండి వచ్చిన పిల్ల ఈ వంశంలో కలిసినదని చెప్పడానికి అంతమంది సాక్షులు మరెక్కడ దొరుకుతారు?

ఇప్పుడు పొయ్యిల వద్దకు వద్దాము. వంతు వచ్చేదాకా వేచి ఉండడం వంటకు అడ్డంకి వలె కనబడవచ్చు. పిల్లలకు ఆకలి, కట్టెలు పచ్చివి, ముందున్న వారి పప్పు ఇంకా ఉడకలేదు. అయినా ఆ వేచియుండడం లోనే అసలు పని జరుగుతున్నది. నిరుడు జరిగిన పెండ్లిళ్ళు, చావులు, పంటల లాభనష్టాలు, చదువుకొన్న పిల్లవాని ఉద్యోగం, కోర్టులో ఉన్న భూమి తగాదా - ఇవన్నీ ఆ గోడ లోపలనే ఒకరినుండి ఒకరికి చేరుతాయి. ఎవరి పొయ్యి వారు వెలిగించుకొని ఉంటే ఈ మాటలకు ఇంత తావుండదు. ఉద్యోగి అయినా, పాలేరు అయినా ఆ శాఖవానికి పొయ్యి ఒక్కటే, వంతు ఒక్కటే.

ఇట్లు జనమంతా ఒకచోట చేరి తినే దినాలను గుర్తించిన విద్వాంసుడొకరు ఉన్నారు. 1940లో కుమ్రం భీము నాయకత్వాన గోండులు, కోలాములు అడవి భూముల హక్కుకై తిరుగబడినారు. ఆ పోరాటంలో జోడేఘాటు వద్ద భీము నేలకొరిగినాడు. ఆ అలజడికి కారణాలు తెలుసుకొనడానికి నిజాం ప్రభుత్వం ఆస్ట్రియా దేశీయుడైన మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెండార్ఫును నియోగించినది. ఆయన భార్య బెట్టీతో కలిసి మార్లవాయిలో గుడిసె వేసుకొని నివసించినాడు. అధికారుల వద్దకు గోండులు పోయి మొరపెట్టుకొనడం కష్టమని గ్రహించి, గోండులు తమంత తాము కూడే కేస్లాపూరుకే అధికారులను రప్పించే ఏర్పాటు చేయించినాడు. 1940 దశకంలో ఆరంభమైన ఆ దర్బారు నేటికీ జాతరలో జరుగుతున్నది. పట్టాలు, త్రాగునీరు, బడులు, రోడ్లు - ఏండ్ల తరబడి అడుగుతున్నవే అక్కడ మళ్ళీ అడుగుతారు.

ఉపాధ్యాయులకు ఆసక్తి కలిగించే విషయం మరొకటి. అదే మార్లవాయిలో 1943లో గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం వెలసినది. గోండీ భాషలో వాచకాలు తయారైనవి. హైమెండార్ఫు గోండులపై వ్రాసిన ప్రసిద్ధ గ్రంథం 1948లో వెలువడినది. 1987లో మరణించిన బెట్టీ సమాధి మార్లవాయిలోనే ఉన్నది.

అయితే ఆ కుండలలో ఉడికేది ఏమిటి? ఆదిలాబాదు నల్లరేగడి భూములలో తరతరాలుగా జొన్న ప్రధానమైన పంట. జొన్నరొట్టె, జొన్నగట్క, కందిపప్పు, అడవి ఆకుకూరలు, వేసవిలో ఇప్పపువ్వు - ఇది గోండుల వంటయింటి స్వరూపం. కొత్త పంటను దేవునికి నివేదింపక ముందు నోట పెట్టరు. వానకాలపు జొన్న ఇల్లు చేరిన పిమ్మట వచ్చే మాసం పుష్యం. కాబట్టి జాతరకు పోయే బండిలోని పిండి మూట ఆ ఏటి చేను పంపిన మూటయే.

ఋతువును బట్టి కుటుంబాలు ఊరి బయటికి పోయి తినడం ఒక్క మన సీమకే చెందిన ముచ్చట కాదు. సరిగా ఈ చలి మాసాలలోనే స్పెయిను దేశంలో ఈశాన్య మూలనున్న కటలోనియా సీమలో కల్సొటాడ అనే విందు జరుగుతుంది. తరగోనా ప్రాంతంలోని వాల్స్ పట్టణం దీనికి పెట్టినది పేరు; అక్కడ జనవరి చివరి ఆదివారంనాడు పెద్ద ఉత్సవం చేస్తారు. నాటిన ఉల్లిగడ్డనుండి వచ్చిన మొలకల చుట్టూ మట్టి ఎగదోస్తూ తెల్లగా, పొడుగుగా పెంచుతారు. ఆ ఉల్లికాడలను కల్సోట్లు అంటారు. బార్సెలోనావంటి నగరాలనుండి తాతలు మనుమలతో సహా పల్లెలలోని రైతుల ఇండ్లకు వెళ్ళి, ద్రాక్షతోటలలో కత్తిరించిన తీగలను మంటవేసి, ఆ కాడలను పైపొర నల్లబడేదాకా కాలుస్తారు. వార్తాపత్రికలలో చుట్టి మగ్గనిచ్చి, ఇంటికప్పు పెంకులపై పెట్టి వడ్డిస్తారు. నల్లని పొరను ఒలిచి, టమాట, వెల్లుల్లి, బాదము, ఎండుమిరప, ఆలివు నూనె కలిపి నూరిన పచ్చడిలో ముంచి, తల పైకెత్తి నోటిలో జారవిడుచుకొంటారు. చేతులు మసి, మూతులు పచ్చడి. చిన్నా పెద్దా అందరి మెడలకు గుడ్డలు!

వారి విందుకు కేంద్రం ఆ కాడ. అది పండినంతకాలం ఆ ప్రయాణం ఉంటుంది. అందుచేతనే రైతు దానిని శ్రద్ధతో పండిస్తున్నాడు, దానికి ఐరోపా కూటమి ప్రాంతీయ గుర్తింపు కూడ లభించినది. విందు చేనును నిలబెట్టినది. కేస్లాపూరులో విందుకు కేంద్రం పొయ్యి. బంధువర్గాన్ని నిలబెట్టడంలో అది కృతకృత్యమైనది. చేను సంగతి మాత్రం వేరుగా ఉన్నది.

ఆదిలాబాదు నేడు పత్తికి పేరుపడిన సీమ. జొన్న పండిన నల్లరేగడిలో అధికభాగం పత్తికి మారినది. రైతు పత్తిని మార్కెటుకు తోలి, ఆ డబ్బుతో తిండిగింజలు కొంటున్నాడు. చౌకధరల దుకాణంనుండి బియ్యం వస్తున్నవి. దీనిలో రైతును తప్పుపట్టడానికి వీలు లేదు. పిల్లల చదువుకు, వైద్యానికి రొక్కం కావాలి. జొన్న ఆ రొక్కం ఇవ్వదు. పైగా ఒక్క చేనులో జొన్న వేస్తే పిట్టలన్నీ అక్కడే వాలుతాయి. కాని పర్యవసానం గమనింపదగినది. గోవాడలో పొయ్యిల సంఖ్య తరతరాలుగా మారలేదు, వాటిపై ఉడికే గింజ మారుతున్నది. తాత బండిలో చేనిగింజ పోయినది. మనుమని జీపులో దుకాణపు సంచి పోతున్నది.

మెస్రం వారు తలచుకొంటే చేయలేని పని ఏమీ లేదనడానికి వారి ఆలయమే నిదర్శనం. వంశీయులు తమలో తాము చందాలు వేసుకొని రాతితో కొత్త గుడి నిర్మించుకొన్నారు. 2022లో అందులో విగ్రహ ప్రతిష్ఠ జరిగినది. ఉట్నూరు ప్రాంతంలో ఆదివాసీ మహిళలు సంఘంగా ఏర్పడి ఇప్పపువ్వుతో లడ్లు చేసి అమ్ముతున్నారు; వెనుకటి అడవి తిండి ఈ కాలపు ఆదాయమైనది. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్య సంవత్సరంగా ప్రకటించిన తరువాత జొన్న పేరు పట్టణాలలో కూడ వినబడుతున్నది. జాతరకు కావలసిన జొన్నకైనా ప్రతి గూడెంలో కొన్ని కుంటల నేల మిగిలితే, ఆ 22 పొయ్యిలకు తమ చేనితో ఉన్న సంబంధం తెగిపోదు.

ఇక మన బడుల విషయం. కార్తికంలో అనేక పాఠశాలలు విద్యార్థులను వనభోజనాలకు తీసుకొనిపోతున్నవి. వంటవానికి పని అప్పగించి, ప్లాస్టికు పళ్ళెములలో వడ్డించి, సాయంకాలానికి తిరిగి రావడం సులభమే. దానికి బదులు తరగతికి ఒక్క పొయ్యి చాలునని నియమం పెట్టుకొని, కట్టె ఏరడం, నీళ్ళు మోయడం, వంతుకోసం ఆగడం పిల్లలకే అప్పగించి చూడవచ్చును. తమ ఊరిలో పండిన గింజ ఏదైనా ఒక పిడికెడు ఇంటినుండి తెమ్మనవచ్చును. ఎందరు తేగలిగినారో, ఎందరు తేలేకపోయినారో లెక్కవేసిననాడు ఆ ఊరి వ్యవసాయ చరిత్ర అంతా నల్లబల్ల మీద వ్రాసినట్లు తెలుస్తుంది. తేలేనివారిని నిందించే పని లేదు. వారి ఇంట ముసలమ్మను అడిగితే, ఆ గింజ ఎప్పటిదాకా పండినదో, ఎందుకు మానుకొన్నారో ఆమె చెబుతుంది.

మహాపూజ తరువాత పెర్సాపేన్, భాన్ పేన్ పూజలు, బేతాళపూజ, చివర మండగాజిలి పూజ జరిగితే మెస్రం వారి కార్యక్రమం ముగుస్తుంది. పొయ్యిలు చల్లారుతాయి. మర్రిచెట్ల కిందినుండి బండ్లు కదలి, ఉట్నూరు మండలంలోని శ్యాంపూరులో బుడుందేవు జాతరకు దారి పడతాయి.