వ్యసన విముక్తి: చికిత్సకు కావలసిన కాలమెంత?

మత్తుకు బానిసైన యువకుణ్ణి ఆసుపత్రిలో చేర్పిస్తారు. కొద్ది రోజుల్లో వణుకు, వాంతులు, ఒళ్ళు నొప్పులు తగ్గుతాయి. ముఖం తేటపడుతుంది. "ఇక బాగుపడ్డాడు" అనుకుని కుటుంబం అతణ్ణి ఇంటికి తీసుకుపోతుంది. కొన్ని వారాలు గడిచేసరికి అతడు మళ్ళీ పాత స్నేహితుల మధ్య కనిపిస్తాడు. అప్పుడు ఇంట్లోవారికి రెండే ఆలోచనలు తోస్తాయి: వైద్యమైనా పనికిరానిది, లేదా ఇతడైనా బాగుపడే మనిషి కాడు. మత్తు నిషిద్ధమని తెలిసిన ఇళ్ళలో సైతం ఈ దుఃఖం చోటుచేసుకుంటుంది. మరి ఆ రెండు ఆలోచనల్లో దేనికైనా ఆధారముందా?

అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త డాక్టర్ డ్వేన్ సింప్సన్ దశాబ్దాల తరబడి పరిశోధించిన ప్రశ్న ఇదే.

వ్యసనపరుల చికిత్స కోసం అమెరికా ప్రభుత్వం 1935లోనే కెంటకీ రాష్ట్రంలోని లెక్సింగ్టన్‌లో పెద్ద ఆసుపత్రి నెలకొల్పింది. అయితే అక్కడి నుండి ఇళ్ళకు చేరినవారిలో అత్యధికులు తిరిగి మాదకద్రవ్యాలు వాడసాగారు. దానితో "ఒకసారి బానిసైనవాడు ఎప్పటికీ బానిసే" అనే అభిప్రాయం బలపడింది. 1960లలో హెరాయిన్ వాడకం పెరిగిపోగా కొత్త చికిత్సా కేంద్రాలు అనేకం వెలిశాయి. వాటివల్ల నిజంగా ఎవరికి మేలు జరుగుతున్నదో చెప్పగల లెక్కలు మాత్రం లేవు.

ఈ లెక్కలు తీసే పని టెక్సస్ క్రిస్టియన్ విశ్వవిద్యాలయానికి చెందిన ఒక పరిశోధనా సంస్థ చేపట్టింది. దానిని 1962లో సాల్ సెల్స్ స్థాపించారు. 1969 నుండి 1973 వరకు 52 చికిత్సా కేంద్రాలలో చేరిన దాదాపు 44,000 మంది వివరాలను ఈ సంస్థ సేకరించింది. సెల్స్‌తో కలిసి సింప్సన్ వారిలో కొందరిని సంవత్సరాల తరువాత కూడా వెదికి పట్టుకుని, వారి స్థితిగతులు విచారించారు. హెరాయిన్ వంటి నల్లమందు జాతి మత్తుకు బానిసలైన కొన్ని వందల మంది జీవితాలను పన్నెండేళ్ళ వరకు పరిశీలించారు. ఆ ఫలితాలు 1990లో గ్రంథరూపంలో వెలువడ్డాయి.

పరిశీలన కోసం రోగులను ఐదు వర్గాలుగా విభజించారు. మెథడోన్ అనే మందును వైద్యుల పర్యవేక్షణలో దీర్ఘకాలం తీసుకున్నవారు మొదటి వర్గం. నెలల తరబడి ఒకే చోట కట్టుబాట్లతో కలిసి నివసించినవారు రెండవ వర్గం. ఇంటి వద్ద ఉంటూ, మందు లేకుండా సలహాలు పొందినవారు మూడవ వర్గం. కేవలం శరీరంలోని మత్తును దించుకుని వెళ్ళిపోయినవారు నాల్గవ వర్గం. పేరు నమోదు చేయించుకుని అసలు చికిత్సకే రానివారు ఐదవ వర్గం.

మొదటి మూడు వర్గాల వారిలో మాదకద్రవ్యాల వాడకం, నేరాలు తగ్గినట్లు తేలింది. మత్తు మాత్రమే దించుకున్నవారి పరిస్థితి మాత్రం చికిత్సకే రానివారి పరిస్థితి కంటే పెద్దగా మెరుగు కాలేదు. మరొక గమనార్హమైన సంగతి కూడా బయటపడింది. మంచి చికిత్సలో చేరినా మూడు నెలల లోపే మానేసినవారికి చెప్పుకోదగిన ప్రయోజనం కనిపించలేదు. మూడు నెలలు దాటినవారిలో, ఎంతకాలం కొనసాగితే ఫలితం అంత బాగున్నది.

దీనిపై ఒక న్యాయమైన ఆక్షేపణ ఉంది. బాగుపడాలన్న పట్టుదల ఉన్నవారే ఎక్కువ కాలం ఉంటారు గదా! మరి మేలు చేసింది చికిత్సా, ఆ పట్టుదలా? రోగులను చీట్లు వేసి వర్గాలకు పంచలేదు కాబట్టి ఈ సందేహం పూర్తిగా తీరదు. పరిశోధకులు రోగుల పూర్వస్థితిలోని తేడాలను లెక్కలోకి తీసుకుని చూసినా కాలానికీ ఫలితానికీ ఉన్న సంబంధం నిలిచింది. 1991-93 మధ్య 11 నగరాలలోని 96 కేంద్రాలలో పదివేల మందిపై జరిగిన మరొక దేశవ్యాప్త పరిశీలన కూడా దానినే సమర్థించింది. అందులో సింప్సన్ బృందం కొకైన్‌కు బానిసలైన 1,605 మందిని విడిగా పరిశీలించి 1999లో ఫలితాలు ప్రకటించింది. చికిత్స తరువాతి ఏడాదిలో ప్రతివారం కొకైన్ వాడినవారు వారిలో సుమారు 24 శాతమే. సమస్యలు తీవ్రంగా ఉన్నవారికి మూడు నెలలకు తక్కువ కాకుండా చికిత్సా నివాసంలో ఉండడమే ఎక్కువ మేలు చేసింది.

అయితే మూడు నెలలు అనేది మంత్రసంఖ్య కాదు. అది కనీసపు గడువు మాత్రమే. మెథడోన్ చికిత్సకు ఏడాదైనా కనీసంగా భావిస్తారు. అనేకులకు అంతకు మించి సంవత్సరాలు అవసరమవుతాయి.

ఇక్కడి నుండి సింప్సన్ పరిశోధన మరో మెట్టు ఎక్కింది. రోగి ఎందుకు నిలుస్తాడు, ఎందుకు వెళ్ళిపోతాడు? చేరేనాటికి అతనిలో మార్పు కోరిక ఎంత ఉంది, మొదటి వారాలలో సలహాదారుతో నమ్మకమైన సంబంధం ఏర్పడిందా, చికిత్సా కార్యక్రమాలలో మనసు పెట్టి పాల్గొంటున్నాడా, బయట కుటుంబం, స్నేహితుల అండ ఉందా అన్న విషయాలపైనే అది చాలావరకు ఆధారపడుతుందని ఆయన వివరించారు. సిబ్బంది శిక్షణ, కేంద్రం నిర్వహణ తీరు కూడా ఫలితాన్ని ప్రభావితం చేస్తాయని చూపారు. అనగా రోగి పారిపోతే తప్పంతా అతనిదేనని చేతులు దులుపుకోవడానికి వీలులేదు.

మొదట చెప్పిన కుటుంబం వద్దకు మళ్ళీ వద్దాం. వారి రెండు ఆలోచనలూ తొందరపాటువే. అక్కడ విఫలమైంది చికిత్స కాదు. చికిత్స ఇంకా మొదలే కాలేదు. మత్తు దిగడం ద్వారం వంటిది. ఇల్లు దానికి అవతల ఉంది. మళ్ళీ జారిపడిన మనిషిని గుమ్మం బయట నిలబెట్టడానికి బదులు, తిరిగి చికిత్సకు చేర్చి, ఈసారి నెలల తరబడి అతనికి తోడుగా నిలవడమే ఇంటివారు చేయగల అసలైన సహాయం.